అట్ట తడిమి బైబిల్ కొనకండి

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా మేనల్లుడు కొత్త బైబిల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అత్తా, సూడు. ఒరిజినల్ లెదరంట. నాలుగువేల ఐదొందలు పడింది" అన్నాడు. వాడి మొదటి జీతం అది. ఆ సంతోషం ముందు నాకు తెలిసిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వారం గడిచినా మనసులో మెలిపెడుతూనే ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న విజయనగరం గంటస్తంభం దగ్గర బైండింగ్ పని చేసేవారు. కోర్టు రిజిస్టర్లు, బడి అటెండెన్సు పుస్తకాలు, చర్చిల నుంచి వచ్చే పాత బైబిళ్లు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపిన వాసన మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. ఏ పుస్తకం చేతికొచ్చినా ఆయన అట్ట వైపు చూసేవారు కాదు. నిలువుగా పట్టుకుని పైనుంచి వీపు కేసి, అంటే కాగితాలన్నీ కలిసే వైపు, చూసేవారు. కాగితాలు మడిచి, ఫారం అనే ఆ ఒక్కో మడతల కట్టను మధ్యలో దారంతో కుట్టి, ఫారాన్ని ఫారంతో కలిపిన పుస్తకమైతే అక్కడ చిన్నచిన్న గుండ్రటి మడతలు వరుసగా కనిపిస్తాయి. ఆ మడతలు కోసేసి జిగురు పూసి అంటించినదైతే కాగితాలన్నీ ఒకే దిమ్మలా ఉంటాయి. వీపు కొసన ఎర్రగానో పసుప్పచ్చగానో ఉండే పట్టీని చూసి కుట్టు అనుకోకండి. ఈ రోజుల్లో చాలావాటికి అది అందం కోసం అతికించే గుడ్డ. మా మేనల్లుడి బైబిల్‌కి ఆ పట్టీ ఉంది. కుట్టు లేదు.

బైబిల్‌ని సగానికి తెరిస్తే ఇంచుమించు కీర్తనల దగ్గర తెరుచుకుంటుంది. మనం రోజూ తెరిచేదీ అక్కడే. జిగురు పుస్తకం వీపు మొదట పగిలేదీ అక్కడే. ఆరేళ్ల కిందట మా అమ్మకి పేరున్న దుకాణంలో ఇలాంటిదే కొన్నాను, తోలని చెప్తే నమ్మి. రెండేళ్లు తిరక్కుండా 91వ కీర్తన ఉన్న కాగితం ఊడి చేతిలోకి వచ్చింది. అమ్మ దాన్ని మళ్లీ లోపల సర్దుకుని చదివేది. ఒకరోజు అది చర్చిలో ఎక్కడో జారిపోయింది. బెంచీల కింద వంగి వంగి వెతికింది మా అమ్మ. ఆ దుకాణం మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు.

తెరిచి చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ఖరీదైన బైబిళ్లలో మొదటి ఫారానికీ చివరి ఫారానికీ గట్టిదనం కోసం అంచుకు అదనంగా కుట్టు వేస్తారు. అందుకని కొత్తలో ఆదికాండం దగ్గర పేజీలు లేచి మూసుకుపోవచ్చు. అది లోపం కాదు. కీర్తనల దగ్గర బల్ల మీద పరిచి చెయ్యి తీసెయ్యండి, అక్కడ పడుకుని ఉంటే మంచి కుట్టే.

ఇక తోలు. 'బాండెడ్ లెదర్' అంటే తోలు ముక్కల్నీ పొట్టునీ నూరి, జిగురుతో కలిపి, పైన ప్లాస్టిక్ పూత వేసిన రేకు. 'పీయూ లెదర్' అంటే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్, అందులో తోలే ఉండదు. ఈ పూతల్లో చాలావాటికి గాలిలో తేమ తగిలితే మెల్లగా బలం పోతుంది. మన సముద్రపు గాలికి బీరువాలో దాచిన బైబిల్ కూడా పొట్టు రాలుస్తుంది, వాడలేదన్న దయ దానికి లేదు. 'జెన్యూన్ లెదర్' అని రాసి ఉంటే బైబిళ్ల వ్యాపారంలో చాలాసార్లు అది పందితోలు. వాటికి పైమెట్టు మేకతోలు, దూడతోలు. నిజమైన మేకతోలు మీద గరుకు ఒకచోట ఒత్తుగా, ఇంకోచోట పలచగా ఉంటుంది. అచ్చు కొట్టిన గరుకైతే ఒకే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది. ఎంత మంచి తోలైనా వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో బిగించి ఉంచకండి, బూజు పడుతుంది.

తోలు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది కాగితం. మామూలు జెరాక్స్ కాగితం 70, 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) ఉంటే బైబిల్ కాగితం 28 నుంచి 36 దాకా ఉంటుంది. అంత పలచనిదాంట్లో వెనకపేజీ అక్షరం నీడలా ముందుకు తేలుతుంది. అందుకే మంచి ముద్రాపకులు రెండువైపులా లైన్లు ఒకదాని వెనక ఒకటి సరిగ్గా పడేలా అచ్చువేస్తారు. ఇంగ్లీషుకే ఇంత శ్రద్ధ కావాలంటే మన తెలుగుకి ఎంత కావాలి? మనకి పైన గుడులు, కింద వొత్తులు. రెండు లైన్ల మధ్య ఖాళీలో వెనకవైపు నీడ పడితే ఏ వొత్తు ఎవరిదో తెలీదు. "నువ్వు సదువమ్మా, నాకు అచ్చరాలు కలిసిపోతన్నాయి" అనేది మా అమ్మ. కంటి ఆపరేషన్ అయిన మనిషి. తప్పు ఆవిడ కళ్లదని అందరం అనుకున్నాం. చదివే పేజీ వెనక నల్ల కాగితం పెట్టి చూపిస్తే తనే చదువుకుంది.

నెదర్లాండ్స్‌లో యోంగ్‌బ్లుడ్ అనే సంస్థ 1862 నుంచి ఉంది, ఇంగ్లీషు బైబిళ్లను కుట్టి మేకతోలు వేసి ఇస్తుంది. అలాంటివి మన డబ్బుల్లో 20,000 దాటుతాయి. అంత ఖరీదు మనవాళ్లకి పెట్టమని నేను అనను. కానీ లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగింది 1805లో. అక్కడ తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయింది 1812లో. మన పక్క ఊళ్లో మొదలైన పని ఇది. ఇన్నేళ్ల తర్వాత కూడా మంచి కుట్టు, నీడపడని కాగితం, నిజమైన తోలు, మూడూ కలిసిన తెలుగు బైబిల్ ఒక్కటీ నా చేతికి రాలేదు. మనవాళ్లు అడగరు కాబట్టే చెయ్యరు. బంగారు అంచు, జిప్పు, పెట్టె చూసి డబ్బిచ్చేస్తున్నాం.

"అట్టదేముందమ్మా, లోపల వాక్యం ముఖ్యం" అని మా సంఘంలో పెద్దలు అంటారు. వాక్యం ముఖ్యం కాబట్టే అడుగుతున్నానండీ. నలభై ఏళ్లు రోజూ తెరిచే పుస్తకం ఇంట్లో ఇంకేముంది? మా నాయనమ్మ బైబిల్‌కి కాలికో అనే నూలు గుడ్డ అట్ట. మా నాన్న ఆ అట్టని మూడుసార్లు మార్చారు. లోపలి కుట్టు మాత్రం అచ్చయిన రోజుదే, ఒక్క కాగితం ఊడలేదు. అమ్మ ఇప్పుడు దాన్నే చదువుతోంది.

మేనల్లుడికి రాత్రికి ఫోన్ చేస్తాను. బిల్లు ఉంచుకుని ఉంటే నేను కూడా ఆ దుకాణానికి వస్తాను.