ప్రథమ ముద్రణ వారి సముఖమునకు

మహారాజశ్రీ ప్రథమ ముద్రణ వారికి, అద్దాల బీరువాకు ఇవతలి నుండి తమ సేవకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నా కుశలం మాట ఎలా ఉన్నా, తమ కుశలానికి మాత్రం ఇంతవరకు ఏ లోటూ రానీయలేదు. గాలిలో తేమ 50 శాతానికి అటూ ఇటూ పెద్దగా కదలకుండా కాపలా కాయడానికి తమ పక్కనే ఒక కొలత పరికరం పెట్టాను. ఎండపొడ సోకితే తమ వెన్ను రంగు వెలుస్తుందని కిటికీకి నల్లని తెర కట్టి, పట్టపగలు దీపం వేసుకుని తిరుగుతున్నాను. ఆ దీపం వెలుగులో తమరిని చదువుతున్నానని మాత్రం అపోహ పడవద్దు. తమలో ఉన్న నవలను నేను మూడుసార్లు చదివిన మాట నిజమే కానీ, ఆ చదివినదంతా తమ పదకొండో ముద్రణలో, పక్క మీద వెల్లకిలా పడుకుని, పుటల మూలలు మడుస్తూ, అంచుల్లో పెన్సిలుతో రచయితతో తగవు పెట్టుకుంటూ చదివాను. తమ జోలికి రాలేదు.

పుస్తకం హస్తభూషణమన్నారు పెద్దలు. తమ కొలువులో హస్తమే పుస్తకానికి ప్రథమ శత్రువు. తెల్లని చేతితొడుగులు వేసుకుని తమరిని తాకితే చూసేవారికి గంభీరంగా ఉంటుందని కొంతకాలం ముచ్చటపడ్డాను. తొడుగుల వల్ల వేళ్ళకు స్పర్శ తెలియక కాగితం చిరుగుతుందని, శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలని సంరక్షణ నిపుణులు చెప్పడంతో నాకున్న ఆ ఒక్క వేషం కూడా పోయింది.

తాకకపోవడమే భక్తి అనే సిద్ధాంతం తమ దర్బారులో ఎంత దూరం వెళ్ళిందో ఒకసారి విన్నవించుకోనివ్వండి. పెద్ద కాగితం మీద అచ్చువేసి, మడిచి, కుట్టి, మడతల అంచులు కోయకుండానే పుస్తకాలు అమ్మిన రోజుల్లో, చదవదలచినవారు కాగితపు కత్తి పట్టుకుని పుటలను తామే విప్పుకోవలసి వచ్చేది. కత్తి పడని ప్రతి అంటే ఎవరూ చదవని ప్రతి అని వేరే సాక్ష్యం అక్కరలేదు. జేమ్స్ జాయిస్ రాసిన యులిసిస్ నవల 1922లో పారిస్‌లో వెయ్యి ప్రతులుగా వెలువడింది. వాటిలో మొదటి నూరింటిని చేతితో తయారుచేసిన కాగితం మీద అచ్చువేసి, రచయిత సంతకం చేశాడు. ఆ నూరింటిలో ఒకటి 2009లో లండన్‌లో 2,75,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. దాని మహిమ ఏమిటంటే, చివరి అధ్యాయం తప్ప మిగిలిన పుటల మడతలు ఎవరూ విప్పలేదు. ఆ చివరి అధ్యాయం శృంగార ప్రసంగానికి పేరుమోసినదని తమకు తెలియనిది కాదు. తొలి యజమాని అంత లావు పుస్తకంలో దేని కోసం వెతుక్కున్నారో ఎనభై ఏడేళ్ళ తరువాత కూడా ఆ పుటలే చాడీలు చెబుతున్నాయి. నాకు మాత్రం వారి మీద గౌరవమే కలిగింది. నాకన్నా ఒక అధ్యాయం ఎక్కువే చదివారు.

తమరిని అమ్మేవారి కేటలాగుల భాషకు నిఘంటువు కూడా వేరే. అందులో ‘గుడ్’ అంటే బాగున్నదని అర్థం కాదు. నలిగింది, అరిగింది, అయినా పుటలన్నీ ఉన్నాయని అర్థం. అంతకన్నా హీనమైన కులభ్రష్టత్వం లైబ్రరీ ప్రతులది. హారీ పోటర్ మొదటి పుస్తకం 1997లో గట్టి అట్టతో సుమారు 500 ప్రతులే వేశారని, వాటిలో ఎక్కువభాగం గ్రంథాలయాలకు వెళ్ళాయని చెబుతారు. పిల్లల చేతుల్లో నలిగి, వెన్ను విరిగి, జిగురు ఊడి, పుస్తకంగా పుట్టినందుకు చేయవలసిన పని చేసి వచ్చిన ఆ ప్రతులను తమ వారు ‘లైబ్రరీ ముద్రలున్నవి’ అని ముక్కు మూసుకుని పరిచయం చేస్తారు. గోధుమరంగు అట్టపెట్టెలో కదలకుండా కూర్చున్నది మాత్రం ఉత్తమ జాతి.

ఆ పుస్తకం తొలి ముద్రణలోనే 53వ పుటలో, బడికి తెచ్చుకోవలసిన వస్తువుల పట్టికలో మంత్రదండం రెండుసార్లు పడింది. అది తప్పని తరువాత దిద్దారు. దిద్దిన ప్రతికి తమ వంశంలో చోటు లేదు. లోకం ముద్రారాక్షసమని తిట్టిపోసేది తమకు పుట్టుమచ్చ. ది గ్రేట్ గాట్స్‌బీ నవల 1925లో వచ్చినప్పుడు, అట్ట మీద చుట్టే కాగితపు జాకెట్ వెనుక వైపు కథానాయకుడి పేరులో తొలి అక్షరం పెద్దది పడవలసినచోట చిన్నది పడితే, దానిని చేతితో సిరా పెట్టి దిద్దించారు. పెద్దక్షరం, చిన్నక్షరం అనే భేదమే ఎరుగని లిపిలో ఓనమాలు దిద్దుకున్న నేను, ఆ ఒక్క అక్షరం పొట్టిదా పొడుగుదా అని భూతద్దం పెట్టుకుని గంటలు గడిపానంటే అది తమ అనుగ్రహమే. అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు కునుకు వలన వంశం నిలిచింది. ప్రూఫులు శ్రద్ధగా దిద్దిన మనిషి తమ దృష్టిలో వంశనాశకుడై ఉంటాడు.

పోనీ, రచయిత మాటకైనా విలువ ఉన్నదా? అద్భుతలోకంలో ఆలిస్ కథ 1865లో అచ్చయినప్పుడు బొమ్మలు సరిగా రాలేదని చిత్రకారుడు జాన్ టెనియల్ అలిగితే, రచయిత లూయిస్ కారొల్ ఆ ముద్రణనే ఉపసంహరించుకుని, మిత్రులకు ఇచ్చిన ప్రతులను కూడా వెనక్కు అడిగి తీసుకుని ఆసుపత్రులకు పంచిపెట్టాడు. రచయితా చిత్రకారుడూ కలిసి వద్దన్న ఆ ముద్రణలో ఇప్పుడు ఇరవై పైచిలుకు ప్రతులే మిగిలాయి. సేకర్తలు కలలో కలవరించేవి అవే. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని తీసుకుని, పెంచి, చాలావరకు తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చువేయించారు. మనం తలచుకుని నవ్వుకునే నాటకం ఆ రెండోదే. అయినా నాబోటి వాడికి కలలో కనిపించేది 1897 ప్రతే. గురజాడ వారికి పన్నెండేళ్ళలో పెరిగిన బుద్ధిని నేను లెక్కలోకి తీసుకోనన్నమాట.

తొలి అనే మాటకు ఇంత గిరాకీ ఉన్నప్పుడు, తొలికన్నా ముందుదాన్ని తయారుచేసేవాడు పుట్టకుండా ఉంటాడా? ఆంగ్ల కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ ప్రేమ సానెట్లు 1850లో వెలుగు చూడగా, ముఖపత్రం మీద 1847 అని వేసిన ఒక చిన్న పుస్తకం కొన్ని దశాబ్దాల తరువాత బయటపడింది. సేకర్తలు కళ్ళకద్దుకున్నారు. 1934లో జాన్ కార్టర్, గ్రాహం పొలార్డ్ అనే ఇద్దరు పుస్తక విక్రేతలు ఆ కాగితాన్ని పరీక్షించి, అందులో 1847 నాటికి వాడుకలోకే రాని కలపగుజ్జు ఉన్నదని తేల్చారు. దాని వెనుక ఉన్నది థామస్ వైజ్. అసలేదో నకిలీ ఏదో తేల్చి చెప్పడంలో ఆనాటి సేకర్తలందరూ నమ్మిన పెద్దమనిషి ఆయనే. ఇంతకూ ఆ నకిలీలను పారేశారనుకునేరు. ఇప్పుడు వాటిని కూడా సేకరిస్తున్నారు. అవి నకిలీకి ప్రథమ ముద్రణలట.

ఇక అసలు మనవికి వస్తాను. తమకు జాకెట్ లేదు. దుకాణం నుండి ఇల్లు చేరేదాకా దుమ్ము పడకుండా ఉండేందుకు చుట్టి, ఇంటికి రాగానే పారవేసే కాగితంగా మొదలైనది కాబట్టే అది ఇప్పుడు దొరకదు. దొరకదు కాబట్టే దానితో కలిస్తే కొన్ని పుస్తకాల విలువ పదుల రెట్లవుతుంది. పైన పటారం ఉంటే లోన లొటారమైనా చెల్లుతుందన్నమాట. ఇన్నాళ్ళకు ఒక విక్రేత దగ్గర తమ ముద్రణ నాటి జాకెట్ ఒకటి విడిగా కనిపించింది. దాని సొంత పుస్తకాన్ని పురుగులు తినేశాయట. వేరే ప్రతికి చెందిన జాకెట్‌ను తెచ్చి తొడిగితే ఈ వ్యాపారంలో దాన్ని పెళ్ళి చేయడమనే అంటారు. సొమ్మొకడిది, సోకొకడిది. అలా తొడిగినప్పుడు ఆ సంగతి కొనేవారికి చెప్పి తీరాలని ఒక మర్యాద కూడా ఉంది.

జాకెట్ తెచ్చాను. తొడిగి చూశాను కూడా. తమకు అతికినట్టు సరిపోయింది. ‘వేరొక ప్రతి నుండి తీసినది’ అని దాని లోపలి మడత మీద రాద్దామని పెన్సిలు చెక్కుకుని కూర్చుని ఇవాళ్టికి నాలుగో రాత్రి. రాస్తే కాగితం పాడవుతుందని నాకు నేనే చెప్పుకుంటున్నాను. తమ అభిప్రాయం సెలవిస్తే అలాగే నడుచుకుంటాను. చిత్తగించవలెను.

ఇట్లు,
తమ పదకొండో ముద్రణ పాఠకుడు