దేవుణ్ణి నమ్మకపోవడం మగవాళ్ళకి అభిప్రాయం, మాకు పని ఎగ్గొట్టడం

శ్రావణం ఇంకా రానేలేదు, మా అపార్ట్‌మెంట్ తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అప్పుడే అమ్మవారి వెండి ముఖాల ఫోటోలు మొదలయ్యాయి. వాటి వెనకాలే ఏటేటా నాకొచ్చే ప్రశ్నా వచ్చేసింది. "ఈసారైనా వరలక్ష్మీ వ్రతం చేస్తున్నావా, లేదా?" ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. పోస్టు పెద్దది, తీరిక ఉన్నవాళ్ళే చదవండి.

చెయ్యడం లేదు. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. పోయి చాలా ఏళ్ళయింది.

మా ఆయనకి నాకంటే ముందే పోయింది. కాలేజీ రోజుల నుంచే ఆయన గుడికి రాడు, హారతి కళ్ళకద్దుకోడు. ఆయన సంగతి ఎవరడిగినా అత్తయ్య ముచ్చటగానే చెప్తారు: "వాడు చిన్నప్పట్నుంచీ అంతే, పుస్తకాలు ఎక్కువ చదివాడు." చుట్టాలు నవ్వేస్తారు. మామయ్యగారి స్నేహితుడొకాయన "ఏమయ్యా కమ్యూనిస్టూ" అని భుజం తడతారు. అదే మాట నేనన్న రోజు మాత్రం ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. "మరి దీపం ఎవరు పెడతారు?" అన్నారు అత్తయ్య.

దేవుడున్నాడా లేడా అన్న గొడవ ఆ ప్రశ్నలో ఎక్కడైనా ఉందా? మన ఇళ్ళల్లో ఆ గొడవ అసలు రానే రాదు. ఎవరేం నమ్ముతున్నారో ఎవరికీ పట్టదు. పొద్దున్నే తలంటుకున్నావా, మడిగా వండావా, ప్రసాదం టైముకి అయిందా, అంతే. మగవాడు నమ్మకం మానేస్తే ఇంట్లో ఒక అభిప్రాయం మారుతుంది. ఆడది మానేస్తే పనిచేసే రెండు చేతులు తగ్గుతాయి. అసలు టెన్షన్ అక్కడ.

ఆ పనేమిటో మగవాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్పాలి, మీరు హారతి టైముకే కదా స్నానం చేసి వస్తారు. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇక్కడ చెన్నైలో మాంబళం స్టేషన్ పక్క సందుల్లో దూరాలి. మొగలిపూలు, తామరలు, మామిడాకులు, అరటి పిలకలు. ఆ రోజు మల్లెపూలు మూర ఎంతో అడగాలంటేనే భయం. ఇంటికొచ్చి శనగపప్పు, మినప్పప్పు విడివిడిగా నానెయ్యాలి. తెల్లవారుజామున తలస్నానం చేసి, జుట్టు ఆరకముందే పూర్ణం ఉడకెయ్యాలి, గారెలకి రుబ్బాలి, పులిహోర కలపాలి. రుచి చూడకూడదు కాబట్టి ఉప్పు చేతి అంచనాయే. ఈలోగా పీట కడిగి ముగ్గేసి, చెంబులో బియ్యం పోసి, మామిడాకులు పెట్టి, పసుపు రాసిన కొబ్బరికాయ నిలబెట్టి, దాని మీద జాకెట్ ముక్క కిరీటంలా మడిచి తొడిగి, వెండి ముఖం దారంతో కట్టాలి. ఆ ముఖం ఒక పట్టాన నిటారుగా నిలబడదు. వెనక నుంచి ఒకరు పట్టుకుంటే ఎదురుగా నిలబడి ఇంకొకరు "కొంచెం ఎడమకి" అంటూ ఉండాలి. తోరాలకి తొమ్మిది పోగులు, తొమ్మిది ముడులు. అన్నీ అయ్యాక పట్టుచీర కట్టుకుని, ఏమీ తినకుండా కూర్చుని కథ చదవాలి. సాయంత్రం పేరంటం. వచ్చినవాళ్ళ కాళ్ళకి పసుపు రాసి, నానిన శనగలూ తాంబూలమూ వాయనం ఇవ్వాలి. ఆఫీసులో సెలవు దొరికితే సరే, లేకపోతే మధ్యలో పది గంటలకి టీమ్ కాల్ ఒకటి.

నా నమ్మకం పోయిందీ ఆ పీట ముందే. ఏ పుస్తకమో చదివి కాదు, ఎవరి చావో చూసీ కాదు. కథ చదువుతున్నాను. చారుమతి అనే ఇల్లాలు పొద్దున్నే లేచి భర్తని పూజించి, అత్తమామలకి సేవ చేసి, ఇంటిపనులు చక్కబెట్టుకుని, మితంగా మాట్లాడేది కాబట్టి అమ్మవారు మెచ్చి కలలో కనిపించింది. ఏటా చదివిందే. ఆ ఏడు మాత్రం, అమ్మవారికి నచ్చిన గుణాలన్నీ మా అత్తయ్యకి నచ్చే గుణాలేనని తట్టింది. తట్టాక మళ్ళీ తట్టనట్టు ఉండలేం కదా. అలాగని వెంటనే మానేశానా అంటే అదీ లేదు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు చేశాను. మానేస్తే పిల్లకి ఏమైనా అవుతుందేమోనని లోపల ఎక్కడో భయం. నమ్మకం పోయినంత తేలిగ్గా భయం పోలేదు.

"కష్టం వచ్చినప్పుడు తెలుస్తుందిలే" అని అనబోయేవాళ్ళకి: వచ్చింది. నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు ఆసుపత్రి కింద హాల్లో వినాయకుడి ముందు మా వాళ్ళంతా దణ్ణం పెట్టుకుంటుంటే నేను ఇన్సూరెన్స్ కాగితాలు నింపుతూ కూర్చున్నాను. దణ్ణం పెట్టుకోవాలనిపించలేదు, పెట్టుకోకూడదన్న పంతమూ లేదు. నాన్న తేరుకుంటే పిన్ని తన మొక్కు ఫలించిందంది. కొన్నాళ్ళకి నాన్న పోతే "ఆయుష్షు అంతే రాసుంది" అంది. ఇలాంటి పరీక్షలో మొక్కు ఎప్పటికీ ఫెయిల్ కాదు.

ఇంకో తమాషా. పది నుంచి యాభై ఏళ్ళ మధ్య ఉన్నారని శబరిమల కొండెక్కొద్దన్నది మమ్మల్నే. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఎక్కొచ్చు అన్నాక దారికాచి అడ్డుకున్నదీ మమ్మల్నే. ఇంట్లో మాత్రం ఒక్క శుక్రవారం దీపం ఆగకూడదు. నమ్మి వస్తామంటే రానివ్వరు, నమ్మం మొర్రో అంటే మాననివ్వరు.

నేనుండేది చెన్నైలో కదా, దేవుణ్ణి నమ్మనని చెప్పుకోవడానికి ఇంతకంటే అనువైన ఊరు లేదని మా ఆయన మిత్రులు అంటుంటారు. ఒక రకంగా నిజమే. ఈ రాష్ట్రంలో ఆత్మగౌరవ ఉద్యమం నడిపిన పెరియార్ విగ్రహాల పీఠాల మీద దేవుడు లేడని చెక్కి ఉంటుంది. ఆ మాటలు తీసెయ్యాలని వేసిన పిటిషన్‌ని 2019లో మద్రాస్ హైకోర్టు కొట్టేసింది. పురోహితుడు లేకుండా, బంధుమిత్రుల ఎదుట దండలు మార్చుకుని చేసుకునే ఆత్మగౌరవ పెళ్ళిళ్ళకి 1967లోనే అన్నాదురై ప్రభుత్వం చట్టం తెచ్చింది. (చట్టంలో ఆ సెక్షన్ ఇద్దరు హిందువుల పెళ్ళికే వర్తిస్తుంది. దేవుడు లేకపోయినా ఫర్వాలేదట, హిందువులై మాత్రం ఉండాలి.)

కానీ ఈ ఊరి నాస్తికత్వం గురించి గొప్పగా చెప్పే మగవాళ్ళు ఒక సంగతి ఎత్తరు. ఈ.వె. రామసామిని 'పెరియార్' అని పిలవాలని తీర్మానించింది 1938లో ఇదే మద్రాసులో జరిగిన మహిళా మహాసభ. ఆడవాళ్ళు ఆయన్ని పెద్దాయన అన్నది దేవుడు లేడన్నందుకేనా? అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1929లో, చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ ఆడవాళ్ళకి ఆస్తిలో సమాన హక్కు ఉండాలని తీర్మానం చేసింది. వితంతు వివాహం, విడాకులు, పిల్లల్ని ఎప్పుడు కనాలో ఆడదే తేల్చుకోవడం, ఇవన్నీ ఆ ఉద్యమంలో భాగం. అందులోంచి "దేవుడు లేడు" ఒక్కటే ఏరుకుని, మిగతాది వదిలేసి కాఫీ కోసం ఎదురుచూసేవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

మన తెలుగువాళ్ళలో నాస్తికోద్యమ నాయకుడు గోరా ఉన్నారు. ఇక్కడ ప్రెసిడెన్సీ కాలేజీలోనే వృక్షశాస్త్రం చదివారు. నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకి మారింది. గాంధీగారితో ఆయన వాదనల గురించి అందరూ చెప్తారు. నాకు మాత్రం ఆయన భార్య సరస్వతి గోరా గారి గురించి ఎక్కువ తెలుసుకోవాలని ఉంటుంది. పదేళ్ళకే పెళ్ళయిన పిల్ల. గర్భిణిగా ఉండి గ్రహణాన్ని లెక్కచెయ్యకుండా బయట తిరిగిన మనిషి. తొమ్మిది మందిని కని, క్విట్ ఇండియాలో చంటివాణ్ణి చంకనేసుకుని జైలుకెళ్ళారు. పెద్దకూతురు మనోరమ పెళ్ళి దళితుడైన అర్జునరావుతో తన ఆశ్రమంలో జరగాలని, ప్రమాణంలో దేవుడి బదులు సత్యం అన్న మాట వాడాలని గాంధీగారు ఒప్పుకున్నారు. ఆయన హత్య జరిగాక, 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో ఆ పెళ్ళి అయింది. ఆ ఇంట్లో దేవుణ్ణి కాదనడమంటే కులాన్నీ, ఆడపిల్ల పెళ్ళినీ, జైలునీ నెత్తిన వేసుకోవడం. వరండాలో కూర్చుని వాదించడం కాదు.

మా ఆయనతో పాటు నేనూ ఒకట్రెండు హేతువాద సమావేశాలకి వెళ్ళాను. ఉపన్యాసం అదరగొట్టిన పెద్దమనిషి భోజనాల దగ్గర డబ్బా మూత తీశారు. ఇంగువ వాసన గుమ్మంది. పులిహోర. "నిన్న మా ఆవిడ లలితా పారాయణం పెట్టుకుందండీ. ఆవిడ నమ్మకం ఆవిడది, నేను అడ్డు చెప్పను" అన్నారు ఎంతో ఉదారంగా. నాకు నవ్వొచ్చింది. ఇంటాయన చెయ్యని పూజ వాటా కూడా కలిపి ఆవిడే చేస్తోందేమో ఎవరికి తెలుసు? ఈయన డబ్బా చివరి మెతుకు దాకా ఖాళీ చేశారు.

ఆ పూట ఇంటికొచ్చాక మా ఆయనతో తేల్చుకున్నాను. అత్తయ్యకి వ్రతం కావాలి, అది ఆవిడ ఇష్టం, ఆవిడ ఇల్లు కూడా. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుని లేవలేరు. కాబట్టి కొడుకు సాయం చెయ్యాలి. "నాకు నమ్మకం లేదుగా" అన్నాడు. నాకూ లేదన్నాను. పప్పు నానెయ్యడానికి నమ్మకం అక్కర్లేదు, గిన్నె చాలు. అత్తయ్య వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు ఆవిడే అన్నారు, "వాడి చేత గారెల పిండి రుబ్బిస్తామా ఏమిటి, ఈసారి పరవాన్నం, పులిహోర చాల్లే." తొమ్మిది రకాల పిండివంటలు రెండుకి దిగాయి. అమ్మవారు ఏమీ అనుకోదట.

ఇంతా చెప్పి, నాస్తికులంతా సరైనవాళ్ళు, నమ్మేవాళ్ళంతా అమాయకులు అంటాననుకోకండి. పెరియార్ పీఠం మీద చెక్కిన మాటల్లో చివరిది, దేవుణ్ణి పూజించేవాడు అనాగరికుడని. దాన్ని నేను ఒప్పుకోను. నెల్లూరులో మా అమ్మ రోజూ పొద్దున విష్ణు సహస్రనామం చదువుకుంటుంది. నాన్న పోయాక ఆవిణ్ణి పేరంటాలకి పిలవడం మానేశారు. పిలవనివాళ్ళ మీద ఆవిడకి కోపం లేదు, దేవుడి మీదా లేదు. నాకుంది. ఆ కోపంతో ఆవిడ చేతిలో పుస్తకం లాక్కోలేను కదా. "నేను పోతే పదోరోజు, పన్నెండోరోజు సక్రమంగా జరగాలి. నాకు కొడుకుల్లేరు, నువ్వే చెయ్యాలి" అంది. చేస్తానన్నాను. ఇది విని ఒక మిత్రుడు, అది రాజీ పడటం అన్నాడు. అమ్మ ఇల్లు ఎవరికో ఇవ్వమని వీలునామా రాస్తే అందులో నా నమ్మకంతో పనుంటుందా? ఇదీ అంతే. పైగా ఆడపిల్ల చేత కర్మ చేయించనని ఆ రోజు పురోహితుడు అంటే ముందు కొంగు బిగించేది నేనే. నాస్తికురాలు కర్మ చేసే హక్కు కోసం పోట్లాడటం వింతగా ఉంటే ఉండనివ్వండి.

నాకు జరిగేది మహా అయితే వారం రోజుల మౌనం. ఇది అందరికీ ఇంత తేలిక కాదని తెలుసు. 2017 మార్చిలో, ఇదే రాష్ట్రంలో, కోయంబత్తూరులో ఫరూక్ అనే యువకుణ్ణి మతం వదిలేసి నాస్తికుడైనందుకు పొడిచి చంపేశారు. పెరియార్ గడ్డ అని ఛాతీ విరుచుకునేటప్పుడు ఆ పేరు కూడా గుర్తుంచుకోవాలి. ఇదే గడ్డ మీద 2019లో తిరుపత్తూరు లాయరు స్నేహ తనకి కులమూ మతమూ లేవని ప్రభుత్వం చేత సర్టిఫికెట్ రాయించుకుంది. ఏళ్ళ తరబడి తిరిగితే వచ్చిన కాగితం అది.

నాలాంటి వాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క తేలదు. 2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివాళ్ళు దేశం మొత్తం మీద 28 లక్షల పైచిలుకు. వాళ్ళలో నేను లేను. లెక్కల ఆవిడ వచ్చినప్పుడు హాల్లో కూర్చున్నది మామయ్యగారు, "అందరం హిందువులమే" అని చెప్పిందీ ఆయనే. నేను వంటింట్లో ఆవిడకి మజ్జిగ కలుపుతున్నాను. మా ఆయన అక్కడే పేపరు చదువుకుంటూ ఉన్నాడు, ఆ నాస్తికుడి నోరూ లేవలేదు.

ఇక గ్రూపులో వదినలకి: మీ ఇళ్ళకి పేరంటానికి పిలవండి, తప్పకుండా వస్తాను. నానిన శనగలు నాకిష్టం, మీ కబుర్లు ఇంకా ఇష్టం. పసుపు రాస్తానంటే కాళ్ళు చాపుతాను. మా ఇంట్లో ఎందుకు చెయ్యవని మాత్రం అడక్కండి, అడగాల్సిన మనిషి వేరే ఉన్నాడు.

మా ఆయన మిత్రులకి కూడా ఒక మాట. మీ సమావేశాలు ఆదివారం పదకొండింటికి పెడతారు. సరిగ్గా ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు పొయ్యి దగ్గర ఉండే టైము. ఆడవాళ్ళు హేతువాదం వైపు రావడం లేదని మళ్ళీ అదే సభలో బాధపడతారు. వచ్చే నెల మీటింగు మా ఇంట్లో పెడదామని అడిగారట. పెట్టుకోండి. ఇరవై మందికి భోజనం ఎవరు వండుతున్నారని మీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.