గ్రౌండ్ స్కూల్ ఎంపిక గాలివాటంగా వద్దు

ఇంటర్ ఫలితాలు రాగానే మొదలయ్యే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ కబుర్ల మధ్య మన ఇళ్లలో ఇప్పుడు మరో మాట వినబడుతోంది. ‘మావాడు పైలట్ అవుతానంటున్నాడు’, ‘మా అమ్మాయిని ఢిల్లీలో గ్రౌండ్ క్లాసులకు పంపిస్తున్నాం’. ఒకప్పుడు బాగా కలిగిన కుటుంబాల్లోనే వినిపించిన మాట ఇది. ఈ రోజు చిన్న పట్టణాల్లో టీచర్ల ఇళ్లలో, బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో, అవసరమైతే ఎకరం అమ్మడానికి సిద్ధపడ్డ రైతుల ఇళ్లలో కూడా వినిపిస్తోంది. కారణం లేకపోలేదు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకు, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. 2024 జనవరిలో ఆకాశ ఎయిర్ మరో 150 విమానాలు కావాలంది. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2022లో 1,165 కమర్షియల్ పైలట్ లైసెన్సులు ఇస్తే, 2023లో ఆ సంఖ్య 1,622కి పెరిగింది. మన పిల్లలు ఈ వైపు చూడడం మాకు సంతోషమే. మా ఆందోళనంతా వాళ్లు వేస్తున్న మొదటి అడుగు గురించి.

ఆ అడుగు పడేది తరగతి గదిలో. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలని చాలామందికి తెలుసు. దాంతోపాటు ఎయిర్ నావిగేషన్, ఏవియేషన్ మెటీరియాలజీ (వాతావరణ శాస్త్రం), ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు రాసి ఒక్కోదాంట్లో 70 శాతం మార్కులు తెచ్చుకోవాలి. రేడియోలో మాట్లాడే పద్ధతి మీద పెట్టే రేడియో టెలిఫోనీ పరీక్ష వేరే. ఈ చదువు చెప్పేదే గ్రౌండ్ స్కూల్. హాస్టల్లో ఉంచి నెలల తరబడి పొద్దున్నుంచి రాత్రి దాకా చదివించే రెసిడెన్షియల్ గ్రౌండ్ స్కూళ్లకు ఢిల్లీలోని ద్వారక పెద్ద అడ్డా. హైదరాబాద్, బెంగళూరు, ముంబైల్లోనూ క్లాసులు నడుస్తున్నాయి. ఫీజు లక్షల్లోనే ఉంటుంది. అయితే ఆ తర్వాత ఫ్లయింగ్‌కు, టైప్ రేటింగ్‌కు (ఒక ఫలానా రకం విమానం నడపడానికి తీసుకునే శిక్షణ) పెట్టబోయే ఖర్చు ముందు అది చిన్న మొత్తంగా కనిపిస్తుంది. అందుకే తల్లిదండ్రులు దీని గురించి పెద్దగా ఆలోచించకుండానే డబ్బు కట్టేస్తున్నారు.

రెసిడెన్షియల్ పద్ధతి మీద మాకు వ్యతిరేకత లేదు. ఇంటర్ పూర్తయిన పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని ఆన్‌లైన్ పాఠాలు వినడం కంటే, ఒకే చోట ఉండి చదువుకోవడమే మేలని మా అభిప్రాయం. ఈ సబ్జెక్టులు ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. వాతావరణం అర్థం కాకపోతే నావిగేషన్ అర్థం కాదు. గాలి ఒత్తిడి తెలియకపోతే ఎత్తు చూపే ఆల్టీమీటర్‌లోని అంకె ఏమిటో తెలియదు. పొద్దున విన్న పాఠాన్ని రాత్రి పదింటికి పక్క మంచం మీద ఉన్న స్నేహితుడితో వాదించి తేల్చుకోవడంలో ఉన్న బలం వేరు. కానీ హాస్టల్ ఉన్నంత మాత్రాన అది ఫుల్‌టైమ్ స్కూల్ అయిపోదు. రోజుకు రెండు గంటల క్లాసు చెప్పి, మిగతా సమయం ‘స్టడీ అవర్’ అని గదిలో కూర్చోబెట్టే చోట మీరు కడుతున్నది గది అద్దె, మెస్ బిల్లు మాత్రమే. టీచర్ ఎదురుగా ఉండే గంటలు ఎన్ని? ఒక్కో సబ్జెక్టుకు ఎన్ని? డబ్బు కట్టకముందే టైంటేబుల్ చేతికి తీసుకుని లెక్కపెట్టండి.

యూరప్‌లో ఈ లెక్క చట్టంలోనే ఉంది. అక్కడ ఎయిర్‌లైన్ పైలట్ థియరీకి 13 సబ్జెక్టులు. పాస్ మార్కు 75 శాతం. మాడ్యులర్ పద్ధతిలో, అంటే విడతలవారీగా చదివినా 650 గంటల బోధన తప్పనిసరి. చెప్పే సంస్థకు విమానయాన అధికారుల ఆమోదం ఉండాలి. మన దగ్గర పరీక్షల కోచింగ్ ఇచ్చే గ్రౌండ్ స్కూల్ పెట్టడానికి డీజీసీఏ అనుమతే అక్కర్లేదు. నాలుగు గదులు, ఒక ప్రొజెక్టర్, గోడమీద విమానం బొమ్మ ఉంటే చాలు, రేపే బోర్డు పెట్టుకోవచ్చు. ఫ్లయింగ్ స్కూళ్లకు మాత్రం 2025లో డీజీసీఏ ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తొలి జాబితాలో పై రెండు శ్రేణులు ఒక్క సంస్థకూ దక్కలేదు. కళ్లెదుట తనిఖీలు జరిగే చోటే పరిస్థితి అలా ఉంటే, ఎవరూ తొంగిచూడని గ్రౌండ్ స్కూళ్ల సంగతి ఏమిటని అడగడం మా బాధ్యత.

తెలుగువాళ్లకు రెసిడెన్షియల్ చదువు కొత్త కాదు. విజయవాడ, గుడివాడ, హైదరాబాద్ హాస్టళ్లలో రెండు తరాలు చదివాయి. మన అనుభవమే ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తోందని మా భయం. ర్యాంకుల ఫొటోలు చూసి ఇంటర్ కాలేజీ ఎంచుకున్నట్టే గ్రౌండ్ స్కూల్‌నూ ఎంచుకుంటున్నాం. డీజీసీఏ పేపర్లలో ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు ఉంటాయి, తప్పు రాస్తే మార్కులు పోవు. అందుకే పాత ప్రశ్నలు సేకరించి, జవాబులు బట్టీ పట్టించి, 70 దాటించడం కష్టమేమీ కాదని కొన్ని చోట్ల తేల్చేశారు. పేపర్ పాసవుతారు. ఫొటో పోస్టర్ మీదకు ఎక్కుతుంది. తర్వాత ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూలో కెప్టెన్ ఎదురుగా కూర్చుని ‘ఎందుకు?’ అని ఒక్క మాట అడిగితే నోరు పెగలదు.

ఒక ఉదాహరణ చెబుతాం. ఎండ ఎక్కువైతే విమానానికి ఎక్కువ రన్‌వే కావాలన్నది ఒక ఆప్షన్‌గా గుర్తుపెట్టుకోవచ్చు. మంచి టీచర్ అంతటితో ఆగడు. సముద్రమట్టం దగ్గర ప్రామాణిక ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, వెయ్యి అడుగులు పైకి వెళితే దాదాపు 2 డిగ్రీలు తగ్గుతుందని చెప్పి, మనకు తెలిసిన శంషాబాద్‌కు తీసుకొస్తాడు. ఆ ఎయిర్‌పోర్టు 2,024 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ ఉండాల్సింది 11 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 41 ఉందనుకుంటే 30 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3,600 అడుగులు కలపాలి. అంటే గాలి ఒత్తిడి మామూలుగా ఉన్నా, ఆ పూట శంషాబాద్ రన్‌వే మీద విమానం దాదాపు 5,600 అడుగుల ఎత్తున్న కొండమీద ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. రెక్కలకు దొరికే గాలి పల్చన, ఇంజిన్‌కు దొరికే గాలీ పల్చనే. ఇలా ఒకసారి తన చేత్తో లెక్క వేసిన పిల్ల జీవితంలో మరిచిపోదు. మెటీరియాలజీ కూడా అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ ఎయిర్‌పోర్టు పైకప్పును ఎలా చీల్చేసిందో చూసిన ప్రాంతం మనది. బంగాళాఖాతంలో తుపాను ఏ నెలల్లో పుడుతుంది, ఎందుకు పడమరకు కదులుతుంది, దాని కన్ను దగ్గర గాలి ఎందుకు నిలిచిపోతుంది అని వివరించగల టీచర్ ఉన్నాడా లేడా అన్నది చూడాలి. పోస్టర్ మీద ఎన్ని ఫొటోలున్నాయన్నది తర్వాతి సంగతి.

అందుకే స్కూల్ చూడటానికి వెళ్లినప్పుడు కౌన్సెలర్ ముందు కూర్చుని రావద్దు. మామూలు రోజున, మామూలు క్లాసులో ఒక పూట కూర్చోనివ్వమని అడగండి. అందుకు ఒప్పుకోని చోట చేరవద్దని నిర్మొహమాటంగా చెబుతున్నాం. పాఠం చెప్పేవాళ్లు ఎవరో పేర్లతో సహా అడగండి. రిటైరైన కెప్టెన్లు, వైమానిక దళంలో నావిగేటర్లుగా చేసినవాళ్లు, వాతావరణ శాఖలో పనిచేసినవాళ్లు చెప్పే చోట్లు ఉన్నాయి. నిరుడు ఇక్కడే పరీక్ష పాసై, ఫ్లయింగ్‌కు డబ్బు సర్దుబాటు కాక ఇక్కడే టీచరైన కుర్రాడు చెప్పే చోట్లూ ఉన్నాయి. రెగ్యులేషన్స్ నోట్సు ఒకసారి తిరగేయండి. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే కొత్త చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అన్నాళ్లూ టెలికం శాఖ చేతిలో ఉన్న రేడియో టెలిఫోనీ వ్యవహారం ఆ చట్టంతోనే డీజీసీఏకు మారింది. ఇంత పెద్ద మార్పు నోట్సులోకి ఎక్కకపోతే ఆ స్కూల్ ఎన్నేళ్లుగా అదే జిరాక్సు నడుపుతోందో మీకే తెలుస్తుంది.

భాష గురించి కూడా అడగాలి. ఇది మన పిల్లలు బయటికి చెప్పుకోని కష్టం. ఢిల్లీ క్లాసుల్లో పుస్తకం ఇంగ్లిష్‌లో ఉన్నా, అర్థం చెప్పేటప్పుడు మాట హిందీలోకి జారిపోతుంది. కరీంనగర్ నుంచో, ఒంగోలు నుంచో వెళ్లిన విద్యార్థి తల ఊపుతాడు కానీ సగమే అందుతుంది. చెయ్యెత్తి అడగడానికి మొహమాటం. లైసెన్సుకు అంతర్జాతీయ ప్రమాణాల్లో కనీసం నాలుగో స్థాయి ఇంగ్లిష్ కావాలి, రేడియోలో తడబడకుండా మాట్లాడాలి. క్లాసు పూర్తిగా ఇంగ్లిష్‌లోనే జరిగే చోటు వెతకండి. వీలైతే అక్కడ చదువుతున్న మన పిల్లల్ని కలిసి, వాళ్లతో తెలుగులో నాలుగు మాటలు మాట్లాడి రండి. ఏ బ్రోచర్ చెప్పని విషయాలు వాళ్లు పది నిమిషాల్లో చెప్పేస్తారు.

అన్నిటికంటే ముందు జరగాల్సింది మెడికల్. ఈ మాటను ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పైలట్‌కు క్లాస్ 1 మెడికల్ కావాలి, దానికి ముందు క్లాస్ 2. రంగులు గుర్తించడంలో తేడా ఉన్న సంగతి చాలామంది పిల్లలకు అప్పటిదాకా తెలియనే తెలియదు. కళ్లద్దాలు ఉంటే పర్వాలేదా, చిన్నప్పుడు జరిగిన ఆపరేషన్ అడ్డమవుతుందా అన్న అనుమానాలు తీరేది అక్కడే. హాస్టల్లో చేరి, ఫీజు మొత్తం కట్టి, మూడు నెలల తర్వాత అన్‌ఫిట్ అన్న కాగితం చేతికి వస్తే ఆ ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ‘ముందు జాయిన్ అవ్వండి, మెడికల్ తర్వాత చూసుకుందాం’ అనే స్కూల్ మీ బిడ్డ గురించి ఆలోచించడం లేదు. పరీక్ష రాయాలంటే డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబర్ కూడా కావాలి. దానికి పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్ల పరిశీలన పూర్తవ్వాలి. ఈ రెండు పనులూ ఊరు విడిచి వెళ్లకముందే మొదలుపెట్టాలి.

ఇక హాస్టల్. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఒక సివిల్స్ కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాన నీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. వాళ్లలో ఒక అమ్మాయి కుటుంబం తెలంగాణలోనే ఉంటోంది. ఆ రోజు నుంచి కోచింగ్ హాస్టల్ అంటే ముందు మెట్లదారి ఎటు ఉందో చూడాలన్నది మా మాట. రెండో దారి ఉందా, చదువుకునే గది నేలమాళిగలో ఉందా, కిటికీలకు ఊచలు బిగించి దారి మూసేశారా, అమ్మాయిల హాస్టల్లో రాత్రి ఎవరు ఉంటారు? భోజనం గురించి అడిగినంత గట్టిగా వీటి గురించి కూడా అడగండి.

డబ్బు విషయంలో మన చేతులు మరీ ఖాళీగా లేవు. కోచింగ్ సెంటర్లపై కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మొత్తం కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజును, హాస్టల్, మెస్ డబ్బుతో సహా పది రోజుల్లో తిరిగివ్వాలి. అదే ఏడాది నవంబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, నూరు శాతం సెలక్షన్, ఉద్యోగం గ్యారంటీ లాంటి ప్రకటనలు కోచింగ్ సంస్థలు ఇవ్వకూడదని చెప్పింది. అయినా ‘ఒకసారి కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అన్న వాక్యం రసీదుల మీద కనిపిస్తూనే ఉంది. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ బోర్డులూ పోలేదు. ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం ఇచ్చేది ఎయిర్‌లైన్. గ్రౌండ్ స్కూల్ ఆ మాట ఇవ్వలేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తమ పరిధిలోని పైలట్ కోచింగ్ కేంద్రాలను కూడా ఈ మార్గదర్శకాల కిందికి తెచ్చి రిజిస్టర్ చేయాలి. బేగంపేటలో దశాబ్దాలుగా ఫ్లయింగ్ శిక్షణ జరిగింది. రాయబరేలీ దగ్గరి ఫుర్సత్‌గంజ్‌లో కేంద్రం ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ అనే పైలట్ శిక్షణ సంస్థను హాస్టల్‌తో సహా నడుపుతోంది. అలాంటి గ్రౌండ్ స్కూల్ ఒకటి తెలుగు నేలమీద ప్రభుత్వ ఆధ్వర్యంలో ఎందుకు ఉండకూడదు? మన పిల్లలు ద్వారక దాకా వెళ్లాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

డీజీసీఏను మేం అడిగేది చిన్న పని. పరీక్షలు పెట్టేది అదే, ఫలితాలు ఇచ్చేదీ అదే. దరఖాస్తులో ‘ఎక్కడ చదివారు’ అన్న గడి ఒకటి చేర్చితే, ఏ గ్రౌండ్ స్కూల్ నుంచి ఎంతమంది రాశారు, ఎంతమంది మొదటిసారే పాసయ్యారు, ఎవరు నాలుగోసారి రాస్తున్నారు అన్నది దాని కంప్యూటర్లోనే తేలిపోతుంది. ఆ పట్టికను ఏటా వేసవికి ముందు వెబ్‌సైట్‌లో పెట్టాలి. వచ్చే ఏడాది ఇంటర్ ఫలితాల నాటికి ఒక తండ్రి పోస్టర్ చూసి ఫీజు కట్టే బదులు, ఆ పట్టిక తెరిచి చూసుకునే వీలుండాలి.