సెమినార్ నాలుగింటికి ముగిస్తే తోలుబొమ్మలాట ఎప్పుడు చూస్తారు?

కొన్నేళ్ల క్రితం జానపద కళల మీద ఒక జాతీయ సెమినార్‌కు వెళ్లాను. పదిన్నరకు జ్యోతి ప్రజ్వలన, పదకొండున్నర దాకా శాలువాలు, మెమెంటోలు, తర్వాత కీలకోపన్యాసం. భోజనాలయ్యాక మిగిలిన గంటన్నరలో ఇరవై పత్రాలు. తోలుబొమ్మలాట మీద పత్రం చదివిన పీజీ అమ్మాయిని బయట టీ దగ్గర అడిగాను, "ఆట ఎప్పుడైనా చూశావా అమ్మా?" అని. "యూట్యూబ్‌లో చూశాను సార్" అంది. బొమ్మలాట కుటుంబాలుండే మాధవపట్నం అక్కడికి దూరమేమీ కాదు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. తోలుబొమ్మలాట రాత్రి ఆట. చీకటి పడ్డాక తెల్లటి తెర కట్టి, వెనక దీపం పెడితేనే మేకతోలు మీది రంగులు మెరుస్తాయి. జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికొచ్చి నవ్వించే వేళకు మన సెమినార్ హాలుకు తాళం పడి చాలాసేపవుతుంది. ఉప్పాడ జాందానీ సంగతీ అంతే. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుని, ఒక్కో పువ్వునూ చేత్తో ఎక్కిస్తారు. పనితనాన్ని బట్టి ఒక్క చీరకు వారాల తరబడి పడుతుంది. దాని గురించి పవర్‌పాయింట్‌లో ఆరు స్లైడ్లు చూసినవాడికి ఆ ఇద్దరి మధ్య నడిచే లెక్క ఏం అర్థమవుతుంది? అందుకే ఒకరోజు సెమినార్లకు బదులు, విద్యార్థులు కొన్నాళ్లు ఊళ్లోనే కలిసి ఉండి నేర్చుకునే సాంస్కృతిక నివాస శిబిరాలు కావాలంటాను.

సెమినార్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం నారుమడి. మన గోదావరి జిల్లాల్లో ఆకుమడి అంటాం. విత్తనం చల్లిన దగ్గర్నుంచి ఊడ్పుల దాకా మూడు నాలుగు వారాలు దాన్ని కనిపెట్టుకుని ఉండాలని డెల్టా పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో ఈ పద్ధతి వేళ్లూనుకున్న రోజుల్లో కొద్దిమంది విద్యార్థులు ఆచార్యుడి చుట్టూ కూర్చుని, వారం వారం ఒకే విషయాన్ని తవ్వి చూసేవారు. మన దగ్గర అది కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ సంస్థ తనిఖీకి చూపించే ఫైలు, అధ్యాపకుల ప్రమోషన్‌కు పనికొచ్చే పాయింటు అయిపోయింది.

1927లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ మైకల్‌జాన్ ఒక ఎక్స్‌పెరిమెంటల్ కాలేజీ మొదలుపెట్టాడు. విద్యార్థులంతా ఒకే హాస్టల్లో ఉండేవారు. మొదటి ఏడాది ప్రాచీన ఏథెన్స్ నగరం, రెండో ఏడాది ఆధునిక అమెరికా. ఈ రెంటికీ మధ్య ప్రతి విద్యార్థీ తన సొంత ప్రాంతం మీద ఒక అధ్యయనం చేయాలి. 1932లో ఆ కాలేజీ మూతపడింది. కానీ ఆ సొంత ప్రాంతం పని మాత్రం నా మనసులోంచి పోలేదు. అమలాపురం కుర్రాడు కోనసీమ గురించి, నరసాపురం అమ్మాయి తన వీధిలోనే అల్లే లేసు గురించి అలా రాస్తే ఎంత బావుంటుంది!

మనకు దారులు లేకపోలేదు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్)లో దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంది. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు 180 గంటలు కేటాయించారు. 180 గంటలంటే తక్కువా? అదంతా ఊళ్లో గడిపితే ఒక మనిషి చూపే మారిపోతుంది. కానీ పిల్లలు ఇంట్లో కూర్చుని పాత రిపోర్టుకు కొత్త అట్ట వేసి ఇచ్చేస్తుంటే, అధ్యాపకులం మేం చూసి బాధపడుతూనే సంతకాలు పెట్టాం.

కలిసి ఉండి చదవడం ఇక్కడ కొత్త కాదు. మా తాతల తరంలో పేద విద్యార్థులు వారాలు చెప్పుకుని చదివారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో అన్నం. ఏడు ఇళ్లు కలిసి ఒక పిల్లాణ్ణి చదివించిన ఆ ఏర్పాటు గొప్పదే. అయితే ఆ ఏడు ఇళ్ల తలుపులూ అందరికీ తెరుచుకోలేదు. అందుకే రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి లాంటి సంఘ సంస్కర్తలు కాకినాడలో దళిత విద్యార్థులకు విడిగా హాస్టల్ నడపాల్సి వచ్చింది. ఇప్పటికీ ఎస్సీ హాస్టల్, బీసీ హాస్టల్ వేర్వేరు. అవి లేకపోతే ఎందరో పిల్లలు చదువు మానేసేవారు, ఆ మాట మర్చిపోకూడదు. కానీ క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు సాయంత్రమయ్యేసరికి రెండు వైపులకు పోతారు. ఒకే గిన్నెలో వండుకుని, ఒకే వరండాలో పడుకుని, ఒకే పని చేసే పది రోజులు డిగ్రీ మూడేళ్లలో ఒక్కసారి కూడా రావు. సాంస్కృతిక నివాస శిబిరాలు కావాలని నేను పట్టుబట్టడానికి అసలు కారణం కళలకన్నా ఇదే.

ఆడపిల్లల్ని రాత్రిళ్లు పంపడానికి తల్లిదండ్రులకు టెన్షన్ ఉంటుంది. అది న్యాయమైనదే. తాళం పడే గదులు, పనిచేసే బాత్రూమ్‌లు, తోడుగా ఇద్దరు మహిళా అధ్యాపకులు లేకుండా శిబిరం పెట్టకూడదు. ఒకరోజు సెమినార్‌లో శాలువాలకు, ఫ్లెక్సీలకు, విందు భోజనాలకు పెట్టే డబ్బు ముందుగా వీటికి మళ్లించాలి.

సముద్రానికి దగ్గర్లోని ఒక వరి ఊళ్లో మేం పెట్టిన శిబిరం గుర్తుంది. పిల్లలకు నేనిచ్చిన పని 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వరి వేయకుండా పొలాలు వదిలేసి క్రాప్ హాలిడే ఎందుకు ప్రకటించారో కనుక్కోవడం. క్లాసులో అందరూ మద్దతు ధర అనే రాశారు. ఊళ్లో రెండు రోజులు మురుగుకాలువ గట్టు వెంట నడిచాక, గుర్రపుడెక్క పట్టేసి నీరు కదలని చోటు చూశాక, పంట చేలోనే మునిగిపోవడమంటే ఏమిటో తెలిసింది. రాత్రి అరుగు మీద ఒక పెద్దాయన 1996 నవంబర్ 6 తుపాను చెప్పారు, తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లకు తలల్లేవని. ఆ తుపానుకు పుట్టని పిల్లలు నిద్ర మర్చిపోయి విన్నారు.

చివరి రోజు వాళ్లు రాసింది రామాలయం దగ్గర ఊరివాళ్లకే చదివి వినిపించారు. సగంలో ఆ పెద్దాయన ఆపారు. "కాలువ పూడింది మీరు రాసిన చోట కాదు బాబూ, ఇంకా కింద, లాకు దాటాక" అన్నారు. చదువుతున్న కుర్రాడు ఆ వాక్యం కొట్టేసి, అక్కడే కూర్చుని, పక్కవాడు సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే మళ్లీ రాశాడు.