చాక్లెట్లు అమ్మనన్న కుర్రాడు

మనుషులందరినీ ఒకే అచ్చులో పోసే నిరంకుశ సమాజం, అందులో ఇమడలేని ఒక అమ్మాయి లేదా అబ్బాయి, చివరికి తిరుగుబాటు. 2008లో ‘ది హంగర్ గేమ్స్’ ఘనవిజయం సాధించిన తరువాత అమెరికాలో టీనేజ్ పాఠకుల కోసం ఇలాంటి నవలలు వరుసకట్టాయి. నలుగురిలో ఒకరిగా కలిసిపోవద్దని బోధించే పుస్తకాలే ఒకదాన్ని చూసి ఒకటి పుట్టుకురావడం వేరే ముచ్చట. వాటిలో వ్యక్తిత్వం ఎక్కడి నుంచి వస్తుందన్నదే నాకున్న అసలు అభ్యంతరం.

వెరోనికా రాత్ 2011లో వెలువరించిన ‘డైవర్జెంట్’లో భవిష్యత్తు నాటి షికాగో జనం ఐదు వర్గాలుగా బతుకుతుంటారు. పదహారేళ్లు నిండినవారు ఒక పరీక్షకు కూర్చుని, ఆ తరువాత ఏదో ఒక వర్గాన్ని ఎంచుకోవాలి. కథానాయిక ట్రిస్ ఏ ఒక్క వర్గంలోనూ పట్టదని ఆ పరీక్షలో తేలుతుంది. తోటివారిని మరబొమ్మల్లా నడిపించే మందు ఆమె మీద పనిచేయదు. పుట్టిన వర్గాన్ని విడిచి వెళ్లడం ఆమె సొంత నిర్ణయమే అయినా, ఆమెను ప్రత్యేకంగా నిలబెట్టేది ఆ నిర్ణయం కాదు, ఒంటితో వచ్చిన లక్షణం. మూడో భాగానికి వచ్చేసరికి దానికి జన్యువులే మూలమని రచయిత్రే తేల్చేస్తుంది. ‘నేనూ అందరిలాంటి వాణ్ని కాను’ అని నమ్మాలనుకునే పదిహేనేళ్ల పాఠకుడికి ఇది పైసా ఖర్చు లేని ఓదార్పు.

రాబర్ట్ కార్మియర్ 1974లో ప్రచురించిన ‘ది చాక్లెట్ వార్’లో మందులూ లేవు, వర్గాలూ లేవు. ఉన్నదల్లా ట్రినిటీ అనే క్యాథలిక్ బాలుర పాఠశాల, నిధుల కోసం అక్కడ ఏటా జరిగే చాక్లెట్ల అమ్మకం. ఈసారి ఒక్కో విద్యార్థి యాభై పెట్టెలు అమ్మాలి. పేరుకు అది స్వచ్ఛందమే. అయితే రోజూ తరగతిలో హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరి పేరూ పిలుస్తారు, ఎన్ని అమ్మారో అందరి ముందూ చెప్పాలి. తల్లిని పోగొట్టుకున్న కొత్త విద్యార్థి జెర్రీ తన పేరు వచ్చినప్పుడల్లా ‘అమ్మను’ అంటాడు. మొదట్లో అది అతని ధైర్యమూ కాదు, అభిప్రాయమూ కాదు. పది రోజులు అలా నిరాకరించమని విద్యార్థుల రహస్య ముఠా ఒకటి అతనికి పని అప్పగించింది. అంటే ఆ తిరస్కారమే ఒక విధేయత. గడువు తీరిన మరునాడు, ఇక ఒప్పుకోవచ్చని అందరూ అనుకుంటున్న సమయంలో, జెర్రీ మళ్లీ అదే మాట అంటాడు. ఎందుకన్నాడో అతనికే పూర్తిగా తెలియదు. మాట ఒక్కటే అయినా ఈసారి అది అతనిది. ఈ అంశం మీద నేను చదివిన టీనేజ్ నవలల్లో ఇంత సూక్ష్మమైన ఘట్టం మరొకటి కనిపించలేదు.

ఆ తరువాత అతన్ని లొంగదీసే తీరు కూడా గమనించదగ్గది. మొదట కర్ర పట్టుకుని ఎవరూ వెంటపడరు. ముఠా తలుచుకోగానే చాక్లెట్లు అమ్మడమే గొప్ప అన్న గాలి బడిలో వీస్తుంది. జెర్రీ స్నేహితుడు గూబర్ అతనికి మద్దతుగా ఇరవై ఏడు పెట్టెల దగ్గర ఆగిపోతాడు. కానీ అతని పేరు మీద యాభై పెట్టెలూ అమ్ముడుపోయినట్టు ప్రకటిస్తారు. అది అబద్ధమని గూబర్‌కు తెలుసు, అయినా నోరు విప్పడు. మనలో చాలామందిమి జెర్రీలం కాము, గూబర్లమే.

లోయిస్ లౌరీ 1993లో రాసిన ‘ది గివర్’ ఈ విషయంలో ‘డైవర్జెంట్’ కన్నా నిజాయతీ గలది, ఎందుకంటే అది ఒకేరకపు బతుకులోని సుఖాన్ని దాచిపెట్టదు. అక్కడ చిన్నపిల్లల కోట్లకు గుండీలు వీపువైపు ఉంటాయి. ఒకరి మీద ఒకరు ఆధారపడటం నేర్చుకోవాలని ఒకరికొకరు పెట్టుకోవాల్సిందే. ముచ్చటైన ఏర్పాటు. పసిబిడ్డలను లాలించే, కథానాయకుడు జోనస్ తండ్రే, కవలల్లో బరువు తక్కువున్న బిడ్డకు ప్రాణం తీసే సూది వేస్తాడని తెలిసేదాకా ఆ ముచ్చట పాఠకుణ్ణి వదలదు. అయితే జోనస్ కూడా పెద్దలు ఏరికోరి ఎంచుకున్న పిల్లవాడే.

కార్మియర్ నవల నిరాశను నూరిపోస్తుందన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. ముగింపు మార్చమన్న ప్రచురణకర్తల మాట ఆయన వినలేదు. చావుదెబ్బలు తిన్న జెర్రీ, వాళ్లు చెప్పినట్టు చేసెయ్యమని గూబర్‌కు చెప్పాలనుకోవడంతో ఆ కథ దాదాపు ముగుస్తుంది. ఈ విమర్శను కాదనడం కష్టమే, కానీ పదకొండేళ్ల తరువాత 1985లో వచ్చిన రెండో భాగాన్ని కలుపుకుని చదవాలి. అందులో జెర్రీ తిరిగి వచ్చి, తనను చితకబాదినవాడి ముందు చెయ్యెత్తకుండా నిలబడతాడు. అంతకన్నా ముఖ్యం, ముఠాను నడిపిన ఆర్చీ చివర్లో తన అనుచరుడు ఓబీతో అనే మాటలు. నిన్నెవరూ బలవంతపెట్టలేదు, ఎప్పుడైనా కాదనగలిగేవాడివి, నువ్వే అవునన్నావు అంటాడు. దానికి ఓబీ దగ్గర జవాబు లేదు.