తేదీ లేని నిర్బంధమే అసలు జబ్బు

వలసదారుల నిర్బంధ కేంద్రాల గురించి చర్చ వచ్చినప్పుడల్లా మాట తిండి మీదకో, మరుగుదొడ్ల మీదకో పోతుంది. అవీ సమస్యలే. కానీ మనిషిని లోపల్నుంచి తినేసేది ఎప్పుడు వదులుతారో తెలియకపోవడం. పసిఫిక్‌లోని చిన్న దీవి దేశం నౌరులో జరిగింది చూస్తే ఇంకో రుజువు అక్కర్లేదు.

పడవల్లో వచ్చిన శరణార్థులను ఆస్ట్రేలియా ఈ దీవికి తరలించి ఏళ్ల తరబడి ఉంచేసిన సంగతి తెలిసిందే. అక్కడ మానసిక వైద్యం అందిస్తున్న ఎంఎస్ఎఫ్ అనే అంతర్జాతీయ స్వచ్ఛంద వైద్య సంస్థను నౌరు ప్రభుత్వం 2018 అక్టోబరులో వెళ్లిపొమ్మంది. అప్పటికి ఆ డాక్టర్లు చూసిన 208 మంది శరణార్థుల్లో 60 శాతం మందికి చచ్చిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయి. 30 శాతం మంది ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లే. వాళ్లలో 12 మందిది మరీ ఘోరం. డాక్టర్లు రిసిగ్నేషన్ సిండ్రోమ్ అని పిలిచే స్థితి వాళ్లది. ఇందులోకి జారిన మనిషి మాట్లాడటం మానేస్తాడు. తర్వాత తిండి, ఆ తర్వాత నీళ్లు కూడా మానేస్తాడు. చివరికి తట్టి లేపినా కదలడు. గొట్టం వేసి ఆహారం పంపితేనే ప్రాణం నిలుస్తుంది. స్వీడన్‌లో, ఎప్పుడు దేశం నుంచి పంపేస్తారోనన్న భయంతో బతికే శరణార్థి కుటుంబాల పిల్లల్లో డాక్టర్లు అంతకుముందే గమనించిన స్థితి ఇది. నౌరులో దీని బారిన పడినవాళ్లలో పెద్దలతో పాటు పిల్లలూ ఉన్నారు.

అసలు విషయం ఇక్కడుంది. అదే డాక్టర్లు నౌరు స్థానికులకూ వైద్యం చేశారు. వాళ్లలో సగం మందికి పైగా కోలుకోవడం మొదలుపెట్టారు. శరణార్థుల్లో మెరుగైనవాళ్లు 11 శాతమే. దీవి అదే, ఎండ అదే, డాక్టర్లూ వాళ్లే. స్థానికుడికి రేపు ఎక్కడుంటాడో తెలుసు, శరణార్థికి తెలియదు. పైగా 2015 అక్టోబరు నుంచే అక్కడి శిబిరం గేట్లు తెరిచి ఉంచారు! కంచె తీసేసినా జబ్బు తగ్గలేదంటే దాని మూలం కంచెలో లేదు.

ఈ కఠినత్వం వల్లే పడవలు ఆగాయనీ, సముద్రంలో చావులు తప్పాయనీ సమర్థకులు అంటారు. పడవలు వచ్చిన ఆ ఏళ్లలో వెయ్యి మందికి పైగా మునిగిపోయిన మాట నిజం. కానీ నౌరు శిబిరాన్ని తిరిగి తెరిచింది 2012లో. 2013లో పడవలు ఇంకా ఎక్కువ వచ్చాయి. ఆ ఏడాది చివర్లో ఆస్ట్రేలియా నౌకలు అడ్డుపడి పడవలను వెనక్కి పంపడం మొదలయ్యాకే అవి నిజంగా ఆగాయి. మరి ఆ తర్వాత కూడా పిల్లల్ని నౌరులో ఏళ్లకేళ్లు ఉంచి సాధించిందేమిటి?

మనం ఆస్ట్రేలియాను తిట్టి ఊరుకుంటే సరిపోదు. అస్సాంలో విదేశీయులని ట్రిబ్యునళ్లు తేల్చిన మనుషుల్ని ఏళ్ల తరబడి జైళ్లలోనే ఓ మూల పెట్టారు. బంగ్లాదేశ్ తీసుకోదు, మనం వదలం. మూడేళ్లు నిండినవాళ్లను షరతులతో విడుదల చేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కోవిడ్ వచ్చాక, 2020లో దాన్ని రెండేళ్లకు తగ్గించింది. అప్పటిదాకా వాళ్లకు లెక్కపెట్టుకోవడానికి ఒక తేదీ కూడా లేదు.

దొంగతనం కేసులో విచారణ ఖైదీకి మన చట్టం ఇంతకన్నా ఎక్కువ భరోసా ఇస్తుంది. ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిస్తే బెయిలు అడగొచ్చు, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడైతే మూడో వంతుకే అడగొచ్చు. ఏ నేరమూ చేయని వలసదారుకు అలాంటి హద్దు చట్టంలోనే ఎందుకు ఉండకూడదు? యూరోపియన్ యూనియన్ 2008లోనే ఆరు నెలల గడువు పెట్టింది, పొడిగించినా మొత్తం 18 నెలలు దాటకూడదంది. ఆస్ట్రేలియాలోనూ, పంపించేసే అవకాశం కనుచూపు మేరలో లేని మనిషిని నిరవధికంగా బంధించడం చెల్లదని అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 2023 నవంబరులో తేల్చేసింది. తీసుకెళ్లే దేశమే లేదని మొదటి రోజే తెలిసిన మనిషిని రెండేళ్లు కాదు, రెండు నెలలు లోపల ఉంచడానికి కూడా మన ప్రభుత్వం దగ్గర కారణం లేదు.