ఇంటి దీపం ఎవరి చేతిలో?

గదిలో దీపం వెలిగించమని స్పీకర్‌కు నోటిమాటగా చెబుతాం. మరుక్షణం వెలుగుతుంది. ఈలోగా ఆ మాట ఎంత దూరం తిరిగి వచ్చిందో మనకు తెలియదు. స్పీకర్ నుంచి వైఫై రూటర్‌కు, అక్కడి నుంచి ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో ఉన్న స్పీకర్ కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. ఆ సర్వర్ దాన్ని అర్థం చేసుకుని బల్బు కంపెనీ సర్వర్‌కు కబురు పంపుతుంది. ఆ కబురు మళ్లీ ఇంటర్నెట్ దాటి ఇంటికి చేరి, మన నెత్తిమీదే ఉన్న బల్బును వెలిగిస్తుంది. స్మార్ట్ పరికరాలన్నీ ఇలాగే పనిచేయవు గానీ, చాలావాటి దారి ఇదే. ఇవి నిజంగా పనికొస్తాయా, నమ్మవచ్చా, మామూలు మనుషులకు కొరుకుడు పడనంత క్లిష్టమా అని ఏళ్ల తరబడి చర్చ నడుస్తోంది. వీటివల్ల ఉపయోగం ఉందన్నది నిజం. నమ్మకం కుదరకపోవడానికీ, వాడకం తలనొప్పిగా మారడానికీ కారణం మాత్రం ఒక్కటే: ఇంట్లో జరగాల్సిన పనికి ఇంటి బయట ఎవరి అనుమతో కావాల్సి రావడం.

ముందు ఉపయోగం సంగతి చూద్దాం, ఎందుకంటే దాన్ని చులకన చేసేవారు ఎక్కువ. స్విచ్ దాకా నడవలేనా అని ఎగతాళి చేసేవారు, నిజంగానే నడవలేని వారిని మరచిపోతున్నారు. మంచం దిగలేని మనిషి అర్ధరాత్రి తనంతట తాను దీపం వేసుకోగలగడం, చేతులు వణికే వృద్ధురాలు తాళంచెవితో కుస్తీ పట్టకుండా తలుపు తెరవగలగడం, చూపు లేని వ్యక్తి ఏసీ ఉష్ణోగ్రతను మాటతో మార్చుకోగలగడం విలాసం కాదు, స్వతంత్రం. ప్రతి చిన్న పనికీ ఇంకొకరిని పిలవాల్సిన అవసరం తప్పడమంటే ఏమిటో అనుభవించినవారికే తెలుస్తుంది. ఊళ్లో లేనప్పుడు సింక్ కింద నీరు కారుతోందనో, ఇంట్లో పొగ కమ్ముతోందనో ఫోనుకు హెచ్చరిక పంపే సెన్సార్లు కూడా ఈ కోవలోవే. తలుపుకు తెర బిగించిన ఫ్రిజ్‌ల గురించి మాత్రం ఇంత మంచిమాట చెప్పలేం. కంప్రెసర్ ఇంకా నిక్షేపంగా ఉండగానే ఆ తెరలోని సాఫ్ట్‌వేర్ పాతబడిపోతుంది.

ఇక వాడకం. ఒక స్మార్ట్ బల్బు బిగించే తతంగం చూడండి. ముందు కంపెనీ యాప్ దించుకోవాలి. ఖాతా తెరవాలి, ఈమెయిల్‌కు వచ్చిన కోడ్ కొట్టాలి. మనం ఎక్కడున్నామో తెలుసుకునే అనుమతి ఇవ్వాలి. బల్బుకు ఆ వివరం దేనికని అడిగినా జవాబు చెప్పేవారు ఉండరు. చాలా బల్బులకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే తెలుసు. ఫోను 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే రెండింటికీ పొంతన కుదరక బల్బు మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. సరే, మళ్లీ మొదలుపెడదామంటే, స్కాన్ చేయాల్సిన కోడ్ బల్బు మీదే ముద్రించి ఉంటుంది, బల్బు హోల్డర్‌లో ఉంటుంది. ఇవన్నీ దాటి పని పూర్తయ్యాక, ఇంట్లో ఎవరో అలవాటుగా గోడ మీది స్విచ్ కట్టేస్తారు. విద్యుత్తు అందని బల్బు యాప్‌కు గానీ నోటిమాటకు గానీ పలకదు. రూటర్ పాస్‌వర్డ్ మార్చిన రోజున ఈ తంతు ప్రతి పరికరంతోనూ మొదటి నుంచి చేయాలి. చాలా ఇళ్లలో ఇదంతా తెలిసిన మనిషి ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరూ ఇంట్లో లేనప్పుడు మిగతావారు తమ ఇంట్లోనే అతిథులవుతారు. ఈ చిక్కుకు వినియోగదారుల తెలివితక్కువతనం కారణమనడం అన్యాయం. బల్బుకు ఖాతా, పాస్‌వర్డ్ అవసరమయ్యేది దాన్ని కంపెనీ సర్వర్‌కు కట్టేసినందువల్లే.

అలా కట్టేసిన తాడు తెగితే ఏమవుతుందో ఇప్పటికే చాలాసార్లు చూశాం. రివాల్వ్ అనే కంపెనీ ఇంట్లోని పరికరాలను ఒక్కతాటి మీద నడిపే హబ్‌ను జీవితకాల సేవతో కలిపి సుమారు 300 డాలర్లకు అమ్మింది. 2014లో ఆ కంపెనీని గూగుల్ అధీనంలోని నెస్ట్ కొనేసింది. 2016 మే 15న సర్వర్లు ఆపేశారు. చెక్కుచెదరని యంత్రం ఆ రోజుతో పనికిరాని పెట్టె అయింది. ఇలాంటి పరికరాలే అమ్మే ఇన్‌స్టియాన్ అనే కంపెనీ వ్యవహారం మరీ దారుణం. 2022 ఏప్రిల్‌లో ఒక్కమాటైనా చెప్పకుండా దాని సర్వర్లు మూగబోయాయి. ఆ కంపెనీ పరికరాలనే అభిమానంగా వాడుతున్న కొందరు కలిసి అదే ఏడాది జూన్‌లో దాన్ని కొని, మళ్లీ నిలబెట్టారు. కంపెనీలు మూతపడనక్కరలేదు కూడా. 2021 డిసెంబర్ 7న, ఇతర కంపెనీలకు సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్ సేవల్లో అంతరాయం వస్తే ఇళ్లలో రోబో చీపుర్లు, డోర్‌బెల్ కెమెరాలు మొరాయించాయి.

దీనికి పక్కనే ఇంకో ఉదాహరణ పెట్టి చూడాలి. ఇంటి ఉష్ణోగ్రతను అదుపు చేసే నెస్ట్ తొలి రెండు తరాల థర్మోస్టాట్‌లకు గూగుల్ 2025 అక్టోబర్ 25తో మద్దతు ఆపేసింది. ఫోను నుంచి వాటిని నడపడం ఇక కుదరదు. కానీ గోడ దగ్గరకు వెళ్లి చేత్తో తిప్పితే అవి ఇప్పటికీ పనిచేస్తాయి. కొన్నవారికి నష్టం జరిగిన మాట నిజమే అయినా ఇల్లు చలికి వదిలేసినట్టు కాలేదు. తయారీలో ముందుచూపు ఉంటే నష్టం ఎక్కడ ఆగుతుందో ఈ ఒక్క తేడా చెబుతుంది.

నమ్మకం విషయానికి వస్తే ఆందోళన ఇంకా పెద్దది. రింగ్ కెమెరాల కంపెనీ ఉద్యోగి ఒకరు పడకగదుల్లో, స్నానాల గదుల్లో పెట్టుకున్న కెమెరాల నుంచి మహిళల వీడియోలు వేల సంఖ్యలో చూశారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 మేలో ఆరోపించింది. కంపెనీ 58 లక్షల డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది. అదే సమయంలో, పిల్లల గొంతు రికార్డింగులను తుడిచేయకుండా అట్టిపెట్టుకుందని, నోటిమాటకు బదులిచ్చే తన అలెక్సా సేవపై వచ్చిన కేసులో అమెజాన్ రెండున్నర కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో వైజ్ కెమెరాల సేవ ఒకసారి ఆగి తిరిగి మొదలైనప్పుడు సుమారు 13 వేల మంది ఫోన్లలో తమది కాని ఇళ్ల దృశ్యాలు ప్రత్యక్షమయ్యాయి. ఆ ఇళ్లవాళ్లు పాస్‌వర్డ్ బయటపెట్టలేదు, ఏ లింకూ నొక్కలేదు. వాళ్ల జాగ్రత్తకు ఇందులో పాత్రే లేదు. దృశ్యం ఇల్లు దాటి వేరొకరి యంత్రంలోకి చేరాక మన జాగ్రత్త అక్కరకు రాదు.

మన ఇంటి పరికరం ఊరందరి మీదికీ ఆయుధం కావచ్చు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్, కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లోకీ, రూటర్లలోకీ చొరబడింది. దానికి కావలసిందల్లా అందరికీ తెలిసిన 60కి పైగా పేరు, పాస్‌వర్డ్ జతల జాబితా. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ పరికరాల దండు, వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే సంస్థ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు గంటల తరబడి ఎందరికో అందలేదు. దాడిలో వాడుకున్న కెమెరాల యజమానుల్లో చాలామందికి ఆ సంగతి ఇప్పటికీ తెలిసి ఉండదు. ఇంటి లోపలి అధికారం మరో కోణం. తాళం, కెమెరా, ఉష్ణోగ్రత అన్నీ ఒకరి ఫోనులోనే ఉంటే, విడిపోయాక కూడా ఆ ఒక్కరు మిగతావారిని గమనించగలరు, వేధించగలరు. కుటుంబంలో ఎవరెవరికి ఏ పరికరంపై అధికారం ఉందో అందరికీ కనబడేలా, ఎవరైనా తేలికగా తొలగించుకోగలిగేలా యాప్‌లు ఉండాలన్న డిమాండ్‌ను కంపెనీలు ఇంకా తీవ్రంగా తీసుకోవడం లేదు.

మాటను గుర్తించడానికి పెద్ద కంప్యూటర్లు కావాలి, దూరం నుంచి ఇల్లు చూసుకోవాలంటే మధ్యలో సర్వర్ ఉండాలి అని కంపెనీలు అంటాయి. అందులో కొంత నిజముంది. ఊళ్లో లేనివారికి ఇంటి కబురు తెలియాలంటే అది ఇల్లు దాటి రావాల్సిందే. కానీ గదిలో ఉన్న మనిషి గదిలోని దీపం వెలిగించడానికి ఆ వాదన వర్తించదు. యాపిల్, గూగుల్, అమెజాన్, శామ్‌సంగ్ సహా అనేక కంపెనీలు కలిసి 2022 అక్టోబర్‌లో తెచ్చిన మ్యాటర్ ప్రమాణం ప్రకారం, వేర్వేరు కంపెనీల పరికరాలు ఇంటి నెట్‌వర్క్ లోపలే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. 2013 నుంచి ఎవరైనా చేయి వేసేలా బహిరంగంగా రూపుదిద్దుకుంటున్న హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ ఇంట్లోని చిన్న కంప్యూటర్ మీదే నడుస్తోంది. దారి ఉంది. అయినా 2025 మార్చి 28 నుంచి అమెజాన్ ఎదురుదిశలో నడిచింది. మాటల రికార్డింగును క్లౌడ్‌కు పంపకుండా ఉంచుకునే వీలును కొన్ని ఎకో స్పీకర్లలో తొలగించింది. కొన్న రోజున ఉన్న హామీని అమ్మినవారే ఏకపక్షంగా మార్చేయగలిగితే కొన్నవారి చేతిలో ఏమి మిగిలినట్టు?

చట్టాలు ఆలస్యంగానైనా కదులుతున్నాయి. 2024 ఏప్రిల్ 29 నుంచి బ్రిటన్‌లో అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం నిషిద్ధం. భద్రతా అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించాలి. ఐరోపా సమాఖ్య సైబర్ రెసిలియన్స్ చట్టం 2024 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. దాని ప్రధాన నిబంధనలు 2027 డిసెంబర్ 11 నుంచి వర్తిస్తాయి. పరికరం ఆయుష్షు అంతకంటే తక్కువైతే తప్ప కనీసం ఐదేళ్లు భద్రతా మద్దతు ఇవ్వాలని అది చెబుతోంది. సింగపూర్ 2020 నుంచే భద్రత స్థాయిని తెలిపే లేబుళ్లు ఇస్తోంది. ఇవి మంచి అడుగులే అయినా, ఎక్కువగా దొంగల గురించే ఆలోచించాయి. కంపెనీ తనంతట తాను సేవ ఆపేసిన రోజున కొన్నవారికి దిక్కేమిటో ఇవి పూర్తిగా తేల్చలేదు.

ఆ లోటు పూడ్చే నిబంధనలు రావాలి. ఇంటర్నెట్ లేకపోతే ఈ వస్తువు ఏయే పనులు చేస్తుంది, ఏవి చేయదు అన్నది పెట్టె మీద ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ముద్రించాలి. తాళం, దీపం, ఉష్ణోగ్రత, పొగ హెచ్చరిక వంటి ప్రాథమిక పనులు ఇంటి లోపలే పూర్తయ్యేలా తయారుచేయడం తప్పనిసరి కావాలి. రికార్డింగులు ఇంట్లోనే దాచుకునే వీలుండాలి. బయటికి పంపాలంటే ఇంటివారు కోరి అనుమతివ్వాలి. సేవ నిలిపేసే కంపెనీ కనీసం ఏడాది ముందు చెప్పాలి. పరికరం నడవడానికి అవసరమైన సాఫ్ట్‌వేర్‌ను, వివరాలను బహిరంగంగా విడుదల చేయాలి, లేదా కొన్నవారి సొమ్ము తిరిగి ఇవ్వాలి. మంచం మీది మనిషి తలుపు తాళాన్ని నడిపే కంపెనీకి ఈ బాధ్యత భారమైతే, ఆ తాళం అమ్మే హక్కు దానికి ఉండకూడదు.